పొలిమేర దాటి వచ్చిన అరుపు

ఓబుళేసు అనే పేరుగల మనిషిని ఈరప్ప మళ్ళీ నమ్మలేదు. ఆ ఒక్క ఓబుళేసునే కాదు, అదే పేరుతో కొత్తచెరువు సంతలో చింతపండు అమ్మే ముసలాయన్ని కూడా నమ్మలేదు. పాపం, ఆ ముసలాయన తూకం సరిగ్గా వేసినా రెండోసారి వేయించేవాడు. ఊళ్ళోకి సినిమా డేరా వస్తే, అది ఎత్తేసేదాకా గొర్రెల్ని చుట్టుదారిన తోలుకుపోయేవాడు. "ఏమప్పా, డేరా ఏమన్నా పొడుస్తుందా?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "ఒకసారి పొడిచింది సాలదా?" అనేవాడు.

అంతకు ముందు ఈరప్ప ఇలాంటివాడు కాదు. అడిగినవాడికీ అడగనివాడికీ కథలు చెప్పేవాడు. బండమీదపల్లిలో అంత పొడుగు మనిషి ఇంకొకడు లేడు. వాకిట్లో నిలబడి చెయ్యెత్తి కొట్టం మీది బోదగడ్డి సర్దేవాడు. ఆ పొడుగు మీద నల్ల కంబళి కప్పుకుని, పొద్దుగుంకేవేళ గుట్టమీది గుండ్ల నడుమ నిలబడితే, గుండు ఏదో మనిషి ఏదో కిందనున్నవాళ్ళకు తెలిసేది కాదు. అప్పుడు అరిచేవాడు.

ఆ అరుపు బండల సందున గాలి దూరినట్టు సన్నగా మొదలయ్యేది. తర్వాత ఆడగొంతో మగగొంతో జంతువు గొంతో తెలియకుండా పెరిగేది. పెరిగి పెరిగి, ఇంకా పెరుగుతుందనుకునే చోట టక్కున తెగిపోయేది. అసలు భయమంతా ఆ తెగిపోవడంలో ఉంది. విన్నవాళ్ళు మిగతా అరుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు. అది రాదు. రాదు కాబట్టి నిద్ర కూడా రాదు.

ఈరప్ప అరిచేది తోడేళ్ళను తరమడానికి. అయితే ఆ అరుపు తోడేళ్ళకంటే ఎక్కువగా మనుషుల్ని తరిమేది. దాన్ని విని తిమ్మప్ప ఎద్దు నెమరువేయడం మరిచిపోయిందని, గడ్డి నోట్లో పెట్టుకుని తెల్లారేదాకా అట్లాగే నిలబడిందని చెప్పుకునేవాళ్ళు. సైకిలు మీద వస్తున్న పోలీసు జవాను ఒకడు సైకిలు వదిలేసి చింతచెట్టు ఎక్కేశాడట. సైకిలు మాత్రం తనంతట తాను స్టేషనుకు పోయి గోడకు ఆనుకుందట. ఈ మాట ఆ జవానే చెప్పాడని ఈరప్ప చెప్పేవాడు.

ఈ అరుపు నీకెక్కడిదంటే గుట్టమీది రక్కసి అరువిచ్చిందనేవాడు. ఒకసారి గొర్రెపిల్లకు బదులుగా ఇచ్చిందనేవాడు, ఇంకోసారి జుట్టు దువ్విపెట్టినందుకు ఇచ్చిందనేవాడు. తాను చచ్చేలోగా తిరిగి ఇచ్చెయ్యాలట, లేకపోతే చచ్చినా కాటికి పోనివ్వదట.

"ఇంతకీ ఆ రక్కసి ఎవుర్రా? యాడ నుంచి వచ్చింది?" అని తిమ్మప్ప ఒకసారి అడిగాడు. తిమ్మప్ప వరసకు చిన్నాయన, ఈరప్ప కంటే పదిహేనేళ్ళు పెద్దవాడు.

"అది అడగొద్దు చిన్నాయనా. అమ్మా, నాయనా, ఊరూ పేరూ ఉంటే అది మనకు మేనత్త అవుతుంది గాని రక్కసి ఎట్లవుతుంది?"

ఆ రక్కసి భయం ఈరప్పకు కూడు పెట్టింది. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం తమ చేలల్లో గొర్రెల మందను నిలపమంటారు. బయలుచేలో మంద నిలిపితే గొర్రెల దొంగలు కాచుకుని ఉంటారు. ఈరప్ప మంద జోలికి మాత్రం ఎవడూ వచ్చేవాడు కాదు. రక్కసితో లావాదేవీలున్న వాడితో మనకెందుకని దొంగలు కూడా చుట్టుదారిన పోయేవాళ్ళు.

ఈరప్ప తల్లి బయమ్మ మాత్రం ఆ అరుపు వినపడినప్పుడల్లా లేచి ఇంట్లోకి పోయేది. ఆమె మాట్లాడటమే తక్కువ. కొడుకు చెప్పే రక్కసి కథలు విని నవ్వేది కాదు, వద్దనేదీ కాదు.

వానలు మొహం చాటేసిన ఏడాది ఆ వైపు కురుబవాళ్ళు మందల్ని తోలుకుని తుంగభద్ర కాలువల దాకా వలస పోతారు. పిల్లాపాపా అందరూ పోతారు. తిరిగి వచ్చినప్పుడు పొలిమేర రాయి దగ్గర ఇంటి ఆడవాళ్ళు గొర్రెల కాళ్ళమీద పసుపునీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళు పడ్డాక వలసలో జరిగింది వలసలోనే ఉండిపోవాలి. దారిలో కన్నుమూసినవాళ్ళుంటే వాళ్ళ పేరు పొలిమేర లోపల ఎత్తరు. ఎత్తితే పోయినవాళ్ళు దారి తెలుసుకుని ఇంటికి వస్తారట, వచ్చినవాళ్ళు వట్టిచేతులతో పోరట. అందుకని బండమీదపల్లిలో ప్రతి కురుబ ఇంట్లోనూ పలకని పేర్లు కొన్ని ఉండేవి. బయమ్మ ఇంట్లో ఒకటి ఉండేది.

డెబ్భై తొమ్మిదిలో మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ ఆ గుట్టను వెతుక్కుంటూ వచ్చింది. భయపెట్టే సినిమా తీస్తారట. వాళ్ళతో వచ్చినవాడే ఓబుళేసు. గుంతకల్లు రైల్వే కార్మికుడి కొడుకు. కథా విభాగంలో సహాయకుణ్ణని చెప్పుకునేవాడు గాని, అందరికీ కనిపించింది మాత్రం డైరెక్టరు వెనకాల ఫ్లాస్కు పట్టుకుని నడవడమే. వాడి అవ్వ కురుబ ఇంటి ఆడబిడ్డ. మద్రాసు నుంచి దిగినవాడు దగ్గరికొచ్చి, "ఏమన్నా, బాగుండావా? యాడ దాచినావప్పా ఇంత గొంతు?" అనేసరికి ఈరప్పకు కడుపు నిండిపోయింది.

రక్కసి వేషానికి మద్రాసు నుంచి ఒక వస్తాదును తెచ్చారు. ఎలుగుబంటి బొచ్చు తొడిగి, పొడుగు జుట్టు పెట్టి ఆ ఎండలో నిలబెడితే, రెండో రోజే కళ్ళు తేలేశాడు. వాడికి మజ్జిగ తాగించి నీడన పడుకోబెట్టి, దూరం నుంచి తీసేవన్నీ ఈరప్పకు బొచ్చు తొడిగి తీశారు. గుండు మీద నుంచి గుండు మీదికి ఈరప్ప అంగలు వేస్తుంటే డైరెక్టరు చప్పట్లు కొట్టాడట. ఇక అరుపును టేపులోకి పట్టిన రోజున యంత్రంలో ముల్లు ఒక పక్కకు పడిపోయి, మళ్ళీ లేవనంటే దాన్ని అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోదామా అనుకున్నారని ఈరప్ప చెప్పేవాడు.

మధ్యాహ్నాలు ఓబుళేసు ఈరప్ప పక్కనే కూర్చుని సంగటిలో ఊరిబిండి నంజుకుని తినేవాడు. ఒకనాడు ముద్ద నోట పెట్టకుండా దిగులుగా కూర్చున్నాడు.

"ఏమప్పా, సంగటి ఉడకల్యాదా?"

"అది కాదన్నా. మా సినిమా కొనేటోడు అడ్డం తిరిగినాడు. రక్కసి ఎందుకు సంపుతుందో చెప్పకుంటే జనం ఒప్పుకోరంట. దానికి ఒక కత గావల్లంట. ముందు అది ఎవురు, ఏం అన్యాయం జరిగింది, అట్లాంటిది."

"వానికి పిచ్చి పట్టిందా? ఎందుకో తెలిస్తే పక్కకు తప్పుకుంటారు గదప్పా. తెలీదు గాబట్టే పంచెలు తడుపుకుంటారు. తోడేలు మందలోకి దూకేటప్పుడు, నాకు ఆకలైతాండాది అని చెప్పి దూకితే దానికి ఎవడు భయపడతాడు? రొట్టె ముక్క ఏస్తాడు."

ఓబుళేసు నవ్వాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "నువ్వు చెప్పేది నిజమే అన్నా. సినిమా పాడుగాను. నాకు మాత్రం చెప్పు. ఆ అరుపు నిజంగా యాడిది? రక్కసి కతలు నాకొద్దు. నేను ఎవురికీ చెప్పను" అన్నాడు.

అంతవరకు ఆ మాట ఎవరూ అట్లా అడగలేదు. అందరికీ రక్కసే కావలసి వచ్చింది. ఈరప్ప లేచి నిలబడి, తాము కూర్చున్న బండ ఎక్కడుందో చూసుకున్నాడు. పొలిమేర రాయి కిందుగా, ఊరి వైపున ఉంది. తాము కూర్చున్న బండ ఆ రాయికి అవతల ఉంది. అవతల చెప్పిన మాటకు దోషం లేదని మనసులో లెక్క కట్టుకున్నాడు. కంబళి కొస ఓబుళేసు చేతిలో పెట్టాడు.

"ఇది పొలిమేరకు అవతల చెప్తాండే మాట. ఇవతలికి తేకూడదు. మీ అవ్వ మా ఇండ్లలో పుట్టింది, నీకు తెలుసు గదా."

"తెలుసన్నా. తేను" అని ఓబుళేసు కంబళి కొస కళ్ళకు అద్దుకున్నాడు.

ఈరప్ప చెప్పాడు. తనకు ఏడెనిమిదేళ్ళప్పుడు వలసలో, కాలువ ఇంకా రెండు మజిలీలు ఉందనగా, తుమ్మచెట్టు కింద కంబళి మడతలో చెల్లెల్ని పడుకోబెట్టి అమ్మ పుల్లలకు పోయింది. పొద్దుగుంకేవేళ. తోడేలు వచ్చింది. ఎత్తుకుపోయింది. అమ్మ వెంట పరిగెత్తింది. ఆ పరుగులో అమ్మ అరిచిన అరుపు అది. తెల్లారి నాయన మందను ముందుకు తోలాడు, మేత లేని చోట మంద నిలవదు కాబట్టి. ఆ తర్వాత ఎప్పుడో, మీసాలు వస్తున్న వయసులో, ఒంటరిగా మంద దగ్గర ఉన్నప్పుడు తోడేలు కంటపడింది. అప్పుడు అమ్మ అరుపు దానంతట అదే తన నోట్లోంచి వచ్చింది. తోడేలు పారిపోయింది. అప్పటినుంచి అదే అరుపు.

ఓబుళేసు ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, ముక్కు చీదుకుని మరీ ఏడ్చాడు. ఆ కన్నీళ్ళే ఈరప్పను ముంచాయి.

సినిమా ఎనభై ఒకటిలో బండమీదపల్లికి వచ్చింది. రీళ్ళ రేకుపెట్టెల్ని టాపు మీద పెట్టుకుని బస్సు పొలిమేర రాయి పక్కనుంచే వచ్చింది. ఊరి కళ్ళంలో డేరా వేశారు. ఎద్దులబండికి మైకు కట్టి, "మన ఊరి ఈరప్ప, మన ఊరి రక్కసి! చూడండి, వినండి, జడుసుకోండి!" అని చుట్టూరా పల్లెలన్నీ తిరిగారు. ఓబుళేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఈరప్ప పిల్లలకు బొరుగులు, మిఠాయి తీసుకుని దిగాడు.

బయమ్మ పుట్టి బుద్ధెరిగి సినిమా చూసింది లేదు. ఆ రోజు ఈరప్ప పట్టుబట్టాడు. "మా, నీ కొడుకు రక్కసైనాడు, చూడవా? మద్రాసులో చూసినారు, గుంతకల్లులో చూసినారు. కన్నతల్లివి, నువ్వు చూడకుంటే ఎట్ల?" కోడలు సిద్దమ్మ కూడా బతిమాలింది. ముసలామె చివరికి కొత్త రవికె తొడుక్కుని వచ్చి, నేల మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఈరప్పకు, ఓబుళేసుకు వెనక కుర్చీలు వేశారు.

పేర్లు పడ్డాయి. 'కథ: ఓబుళేసు' అని తెరనిండా పడింది. చదువు రాని ఈరప్పకు పక్కవాడు చదివి చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఈరప్పే.

మొదటి సగం చూడాలి! గుట్టమీద కంబళి లాంటి చీకటి. ఎవరిదో లాంతరు. గుండు కదిలినట్టు ఒక ఆకారం కదిలింది. తర్వాత అరుపు. తమ ఇళ్ళల్లో పడుకుని ఎన్నోసార్లు విన్న అరుపే గాని, డేరా గుడ్డ ఊగిపోయేటట్టు వినేసరికి జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బెంచీ మీద కూర్చున్న పెద్దమనుషులు నేలమీదికి దిగి జనంలో కలిసిపోయారు. ఉన్నది ఒకటే మిషను, రీలు మార్చేటప్పుడల్లా లైటు వేసేవాళ్ళు. లైటు పడగానే అందరూ తల తిప్పి ఈరప్ప వంక చూసేవాళ్ళు, ఆయన వంటి మీద బొచ్చు మొలిచిందేమోనన్నట్టు.

"రే ఈరప్పా, బయటికి పోవల్ల, తోడు రారా" అని తిమ్మప్ప వేలు చూపించాడు. వెంటనే, "వద్దులే, నువ్వు గాదు, ఇంగెవుడన్నా రండి" అన్నాడు. డేరా అంతా గొల్లుమంది. ఈరప్ప బతుకులో అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

తర్వాత రీలు ఎక్కించారు.

తెరమీద ఎండ, పచ్చిక. పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకున్న ఒక బొద్దు నాయిక చెట్టుకింద బిడ్డను పడుకోబెట్టి పాట పాడుతోంది. చుట్టూ గొర్రెలు, సబ్బుతో కడిగినట్టు తెల్లగా. పాట అయ్యాక ఆమె పుల్లలకు పోయింది. నాలుక వేలాడేసుకుని ఒక జాతికుక్క వచ్చింది. అది తోడేలట. పిల్లలు నవ్వారు. ఈరప్ప నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగాడు. కుక్క బిడ్డ గుడ్డలు కరుచుకుంది. నాయిక వెంటపడింది, చెయ్యి చాచింది, నోరు తెరిచింది.

ఆ నోట్లోంచి ఈరప్ప అరుపు వచ్చింది.

"రే! ఇది మన బయమ్మ కత గదరా!" తిమ్మప్ప గొంతు. ఆ వలసలో తిమ్మప్ప కూడా ఉన్నాడు. అన్నేళ్ళు నోరు మెదపని మనిషి, తెరమీద చూసేసరికి తాను పొలిమేర లోపల ఉన్నానని మరిచిపోయాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా బయమ్మ వైపు తిరిగారు. తెర వెలుతురులో ఆమె మొహం కాసేపు నీలంగా, కాసేపు తెల్లగా కనిపించింది. నాయిక గుండె పగిలి చచ్చిపోయి, కోరలు మొలిచి రక్కసిగా లేచేదాకా చూసింది. అప్పుడు లేచి, కొంగు దులుపుకుని, కూర్చున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా చూసుకుంటూ బయటికి పోయింది.

సినిమా ఇంకా ఉంది. రక్కసి మునుపటిలాగే తలుపులు విరగ్గొట్టింది, గొంతులు కొరికింది. ఒక్కరూ జడుసుకోలేదు. అది ఒక ఇంటి మీదికి ఉరికినప్పుడు వెనకనుంచి ఒకామె, "పాపం తల్లి, తిని ఎన్నాళ్ళైందో" అంది. ముందు వరసలో పిల్లోడొకడు నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఓబుళేసు బస్సు కోసం టీ బంకు దగ్గర నిలబడితే ఈరప్ప అక్కడికి పోయాడు.

"ఇవతలికి తేనంటివి గదప్పా."

ఓబుళేసు తల ఎత్తలేదు. "పేర్లన్నీ మార్చినా గదన్నా. ఊరు కూడా మార్చినా."

"పొలిమేర మార్చినావా?"

"జనం ఏడ్చినారన్నా. గుంతకల్లులో ఆడోళ్ళు రెండోసారి వచ్చి ఏడ్చినారు. రక్కసిని చూసి ఏడ్చినారంటే అది ఎంత గొప్ప! ఉత్త భయపెట్టేది ఎవుడైనా భయపెడతాడు."

"ఎవుడైనా ఎట్ల భయపెడతాడప్పా? అట్లయితే మా గుట్టకు ఎందుకు వచ్చినారు? మీ మద్రాసులో అరిచేటోళ్ళు ల్యారా?" ఈరప్ప ఇంకా దగ్గరికి జరిగాడు. "రక్కసిని తీసకపోయి మా అమ్మను జేసినారు. సరే. మా అమ్మను తీసకొచ్చి రక్కసిని జేస్తిరి గదా, దానికేమి చెప్తావు?"

ఓబుళేసుకు ఇది తట్టినట్టు లేదు. టీ గ్లాసు బంకు మీద పెట్టేశాడు. "నా పేరు పడల్లంటే నాదని ఒక కత ఉండల్ల అన్నా. ఇన్నేండ్లు ఫ్లాస్కు మోసినా. నాకి ఇంగ ఏ కతా ల్యా."

"నీకి ల్యాకుంటే నాది ఎత్తకపోతావా? నిన్నటిదాకా గొర్రెల దొంగ కూడా నా మంద జోలికి రాల్యాదే!"

బస్సు వచ్చింది. "ఎక్కుతావా ల్యాదా సామీ?" అని కండక్టరు కసిరితే ఓబుళేసు ఎక్కాడు. కిటికీలోంచి ఏదో అన్నాడు. ఈరప్ప వినలేదు, వినాలనుకోలేదు.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళు. నిన్నటిదాకా ఏమీ తెలియని కోడళ్ళు, తెలిసీ నోరెత్తని ముసలమ్మలు, అందరూ పరామర్శకు వచ్చి కూర్చున్నారు. తిమ్మప్ప పెళ్ళాం ఏడుపు సినిమా పాట బాణీలోకి జారిపోతోంది. ఒక చిన్నకోడలు ముందుకు జరిగి, "అవ్వా, పాపకు ఏం పేరు పెట్టినారు?" అని అడిగింది.

బయమ్మ లేచింది. మూలనున్న కంబళి తీసి భుజాన వేసుకుంది. సిద్దమ్మ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, ఊరు దాటి, పొలిమేర రాయి దాటి, గుట్టకింది గొర్రెల దొడ్డికి పోయి అక్కడి చిన్న కొట్టంలో కూర్చుంది. ఈరప్ప వెనకే పోయాడు.

"ఇంటికి పా మా."

"ఆ ఇంట్లో నోరు మూసుకుని బతికినా. ఇప్పుడు అందరూ తెరిచినారు. ఇంగ నేనుండేదానికి అది ఇల్లు గాదు."

"తప్పు నాది మా. నేనే చెప్పినా వానికి. పొలిమేర అవతలే గదా అనుకుంటి."

ఆమె కొట్టం నేల ఊడ్చి కంబళి పరిచింది. తిట్టలేదు. అది తిట్టుకంటే కష్టమైంది.

ఆమె మళ్ళీ ఊళ్ళోకి రాలేదు. సిద్దమ్మ రోజూ సంగటి తెచ్చిచ్చేది. ఈరప్ప దొడ్డి దగ్గరే ఉండిపోయాడు. పొలిమేర అవతల నోటికి అడ్డం లేదు కదా, ముసలామె మాట్లాడటం మొదలుపెట్టింది. గొర్రెపిల్లలకు ఆకు వేస్తూ, కంబళి చినుగు కుట్టుకుంటూ, ఆ పిల్ల ఎట్లా పాకేదో, ఏ పక్క బుగ్గన సొట్ట పడేదో, అన్నీ చెప్పేది. పేరు పెట్టి పిలిచి మరీ చెప్పేది. ఆ పేరు విన్నప్పుడల్లా ఈరప్ప తల తిప్పి పొలిమేర రాయి వైపు చూసేవాడు. తర్వాత తర్వాత అలవాటైంది.

ఒకనాడు తోడేలు జాడ కనపడితే ఈరప్ప గుట్టెక్కి అరిచి వచ్చాడు. తోడేళ్ళు సినిమా చూడలేదు కాబట్టి వాటికి ఆ అరుపు మీద గౌరవం ఇంకా పోలేదు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం పోయింది. "అయ్యో పాపం, ఈరప్పకు అమ్మ బాధ గుర్తొచ్చింది" అనుకుని అటు తిరిగి పడుకునేవాళ్ళు. ఆ వారమే దొంగలు దొడ్డి కంచె తీసి మంచి పొట్టేలును తోలుకుపోయారు. అరిచినా ఆగలేదు.

"నీ అరుపు దొంగలపాలు కూడా జేసినా మా" అన్నాడు తల్లితో.

బయమ్మ కంబళి కుడుతున్న సూది ఆపింది. "నా అరుపేందిరా?"

"అదే. ఆ పొద్దు నువ్వు అరిచింది."

"నేను యాడ అరిచినా? నాకి నోరు రాల్యా. పరిగెత్తినా గాని గొంతులోంచి గాలి గూడా రాల్యా. అరిచింది నువ్వు." సూది మళ్ళీ గుచ్చింది. "చెట్టుకాడ నిలబడి అరిచినావు, ఆకాశం చినిగేటట్టు. మంద బెదిరి చెదిరిపోతాంటే మీ నాయన వచ్చి నీ నోరు మూసినాడు. చేత్తో అదిమి పట్టినాడు. అంతే, ఆడికి ఆగిపాయ."

ఈరప్ప చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోయింది. ఇన్నేళ్ళూ ఆ అరుపును అమ్మదనుకునే మోశాడు. ఎందుకు తెగిపోతుందో ఎప్పుడూ తెలియలేదు, తన గొంతు అక్కడిదాకే పోతుందనుకున్నాడు. మద్రాసువాళ్ళు కథను దొంగిలించారని ఏడ్చాడు గాని, వాళ్ళు దొంగిలించిందే తప్పుడు కథ. అంతకు ముందే తన జ్ఞాపకమే తనను మోసం చేసింది.

"మరి నేను అరిచినప్పుడల్లా నువ్వు లేచి ఇంట్లోకి ఎందుకు పోతాంటివి?"

"ఏడేండ్ల పిల్లోడు అరుస్తాంటే తల్లికి బయట కూర్చోబుద్ధవుతుందా?" అని ఆమె దారం కొరికింది.

ఆ తర్వాత ఎండాకాలంలో ఓబుళేసు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇస్త్రీ లేదు, బొరుగులూ లేవు. ఊళ్ళో అడిగి దొడ్డి దగ్గరికి నడిచి వచ్చి బయమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె లెమ్మని మజ్జిగ ఇచ్చింది. ఈరప్ప గొర్రె కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ, వచ్చినవాడి వంక చూడలేదు.

ఓబుళేసు మజ్జిగ తాగి చెంబు పట్టుకునే కూర్చున్నాడు. తనకు కంపెనీలో ఇంకో అవకాశం వచ్చిందని, ఈసారి రక్కసి సినిమా కాదని, ఒక తల్లి కథ అని, బాగా తీస్తారని, ఈసారి పట్టుచీరలు ఉండవని చెప్పాడు. వాడు నిజంగానే పశ్చాత్తాపపడుతున్నాడు. పశ్చాత్తాపంలో కూడా వాడికి కథే కనపడుతోంది, అది వాడికి తెలియడం లేదు.

"అన్నా, ఆ పొద్దు అమ్మ అరిచిన అరుపు..."

"మా అమ్మ అరుపు నువ్వు చూపించినావు గదా, అంతే. ఇంగేమీ ల్యా" అన్నాడు ఈరప్ప, ముల్లు దూరంగా విసిరేస్తూ.

ఓబుళేసు బయమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఒక్క మాట. సినిమాలో పాపకు మేమేదో పేరు పెట్టినాము. నిజంగా పాప పేరేమి?"

ఈరప్ప గొర్రె కాలు వదిలేశాడు. ఆ రోజు పొద్దున కూడా ఆమె ఆ పేరు పలికింది, గొర్రెపిల్లకు ఆకు వేస్తూ. అక్కడ పలకడానికి అడ్డం లేదు, అందరూ పొలిమేరకు అవతలే ఉన్నారు.

బయమ్మ వాడి చేతిలోని ఖాళీ చెంబు తీసుకుంది.

"పేరు పెట్టకముందే పోయింది నాయనా" అంది. "బస్సుకు టైమాయ, పో."